ఇంటి సర్వరు: ఉద్యోగార్థికి తొలి కార్యశాల

బెంగుళూరు నగరమునకు తూర్పున, బెళ్లందూరు చెరువునుండి పారివచ్చు నీటిని నిలుపుకొను పెద్దచెరువు నానుకొనియున్న వర్తూరు ఒకప్పుడు పొలములును తోటలును గల పల్లె. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఈ నగరమున కాలు మోపినది మొదలు క్రమక్రమముగా పెరిగిన సాఫ్ట్‌వేర్ పరిశ్రమ, వైట్‌ఫీల్డులో ఐటీపీఎల్ ప్రాంగణము వెలసిన పిమ్మట ఈ దిక్కునకు వేగముగా ప్రాకి, మారతహళ్లి, కుందలహళ్లి, గుంజూరు, వర్తూరులను తనలో కలుపుకొన్నది. నేడు ఈ వీథులలోని పీజీ హాస్టళ్లలో, అనంతపురము, చిత్తూరు, కర్నూలు, నెల్లూరు మొదలగు జిల్లాలనుండి పట్టా పుచ్చుకొని వచ్చిన తెలుగు యువతీయువకులు ఉదయమున శిక్షణ కేంద్రములకు పోయి పాఠములు వినుచు, మధ్యాహ్నమున దరఖాస్తులు పంపుచు, రాత్రివేళ ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబులు వల్లెవేయుచు కాలము గడుపుచున్నారు.

వారి శ్రమ తక్కువది కాదు. అయినను, వెబ్ అప్లికేషనును చక్కగా వ్రాయనేర్చినవాడు సైతము, అది తన ల్యాప్‌టాపును విడిచి ప్రక్కగదిలోని మిత్రుని ఫోనులో తెరచుకొనవలసి వచ్చునప్పటికి దిక్కుతోచక నిలుచుట తరచుగా కనబడుచున్నది. ఏలయన శిక్షణ కేంద్రమున అభ్యాసమంతయు ముందుగనే అమర్చియుంచిన యంత్రముపై జరుగును, కొలువులోనన్ననో ఆ అమర్చుటయే పని యగును. ఈ లోపమును పూరించుకొనుటకు వేలరూపాయల కోర్సు అక్కరలేదు. ఒక సామాన్యమైన డెస్క్‌టాప్ కంప్యూటరును వెబ్ సర్వరుగా తీర్చి, ఒకే వైఫై పరిధిలోనున్న వారందరికిని ఒక అప్లికేషనును అందించు అభ్యాసమును శ్రద్ధతో కొనసాగించిన విద్యార్థి, ఏ సర్టిఫికెట్టును ఈయజాలని జ్ఞానమును సంపాదించునని నా దృఢవిశ్వాసము.

తొలి సర్వరు బల్లమీది యంత్రమే

సర్వరనగానే చల్లని గదులలో వరుసలు తీరిన యంత్రములు మనసునకు తోచుట సహజము. కాని 1990వ సంవత్సరాంతమున, జెనీవా సమీపమున సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్ లీ నెలకొల్పిన ప్రపంచపు మొట్టమొదటి వెబ్ సర్వరు, బల్లమీద నుంచుకొని పనిచేసెడి నెక్స్ట్ కంప్యూటరే. ఎవరేని పొరపాటున ఆపివేయుదురేమోయని, ఇది సర్వరనియు, దీనిని ఆపరాదనియు ఎర్రసిరాతో వ్రాసిన చీటి దానికి అంటించబడి యుండెను. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ తన వెబ్ సాఫ్ట్‌వేరును సర్వజనుల సొత్తుగా ప్రకటించుటయు, 1995లో అపాచీ సర్వరును, పీహెచ్‌పీ భాషయు, మైఎస్‌క్యూఎల్ డేటాబేసును వెలువడుటయు, 2004లో ఇగోర్ సిసోయెవ్ అను రష్యా దేశీయుడు ఇంజిన్‌ఎక్స్ సర్వరును లోకమున కందించుటయు సంభవించినందున, నేడు మహాసంస్థలు వాడుకొను సాధనములే పేదవిద్యార్థికిని పైకము లేకయే లభించుచున్నవి. విద్య విషయమున ఇంతటి సమానత్వము మరి యే పరిశ్రమలోను కానరాదు.

సామగ్రియు స్థాపనయు

నాలుగు జీబీ ర్యామ్ గల పాత డెస్క్‌టాప్ ఈ పనికి చాలును. అట్టివి బెంగుళూరు ఎస్పీ రోడ్డులోను, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోను సెకండ్ హ్యాండుగా దొరకును. విండోస్ మాత్రమే యెరిగినవారు ఎక్సాంప్ అను ప్యాకేజీతో ఆరంభింపవచ్చును గాని, కొలువులలో మీకు ఎదురగు సర్వర్లు అధికభాగము లినక్స్‌పై నడచునవే కనుక, మొదటినుండియు ఉబుంటు లినక్స్ స్థాపించుకొనుట మేలు. టెర్మినల్ తెరచి ఒక్క ఆజ్ఞ నిచ్చినంతనే అపాచీ ఇన్‌స్టాల్ అగును. ఆ యంత్రముననే బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని టైపు చేసినచో, సర్వరు పనిచేయుచున్నదని తెలుపు అపాచీవారి స్వాగతపుటము దర్శనమిచ్చును.

పెక్కుమంది ఇచ్చటనే ఆగిపోవుదురు; నిజమైన పాఠము ఇచ్చటనే ఆరంభమగును. లోకల్‌హోస్ట్ అనగా 127.0.0.1 అను చిరునామా. అది యంత్రము తనతో తాను మాటలాడుకొనుటకు మాత్రమే ఏర్పడినది. ఇతరుల ఫోన్లు సర్వరును చేరవలెనన్నచో, రూటరు దానికిచ్చిన ఐపీ అడ్రసు తెలియవలెను. అది సాధారణముగ 192.168 అను అంకెలతో మొదలగును. ఇంటింటను ఆ అంకెలే ఏల కనబడుచున్నవని అడుగుదురేని, 1996లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అను ప్రమాణపత్రము మూడు శ్రేణుల చిరునామాలను — 10తో మొదలగునవి, 172.16 మొదలు 172.31 వరకు గలవి, 192.168తో మొదలగునవి — అంతర్గత నెట్‌వర్కుల కొరకే ప్రత్యేకించినది. కావుననే వర్తూరులోని యొక గదిలోను, విజయవాడలోని యొక ఇంటిలోను ఒకే చిరునామా గల యంత్రములు పరస్పర బాధ లేకుండ వర్తించుచున్నవి.

రూటరు డీహెచ్‌సీపీ పద్ధతిని ఈ చిరునామాలను పంచిపెట్టును గనుక, నేడున్న అంకె రేపుండునన్న నిశ్చయము లేదు. రూటరు సెట్టింగులలో ఆ యంత్రమునకు ఒక ఐపీని శాశ్వతముగ రిజర్వు చేయవలెను. పిదప ఫైర్‌వాలునందు 80వ పోర్టునకు అనుమతి నొసగవలెను. యంత్రము నిద్రావస్థకు పోకుండ పవర్ సెట్టింగులను మార్చి, కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను లేచునట్లు బయోస్‌లో అమర్చి, లేచిన వెంటనే అపాచీ మొదలగునట్లు చూడవలెను. ఇంతయు జరిగిన పిమ్మట మిత్రుని ఫోనులో ఆ ఐపీని టైపు చేసి, మీరు వ్రాసిన పుటము తెరచుకొనిన క్షణమున, పుస్తకములలో పదిమార్లు చదివినను అంటని నెట్‌వర్కు విద్య మీకు స్వాధీనమగుట యారంభించినదని గ్రహింపుడు.

అభ్యర్థన ఎచ్చట నిలిచినది?

అయితే మొదటి ప్రయత్నముననే అది తెరచుకొనుట అరుదు. తెరచుకొననప్పుడే మీ అదృష్టము పండినదని భావింపుడు. ఏలయన సర్వరు నిర్వహణమను వృత్తి యంతయు, నాడి పట్టి వ్యాధిని నిర్ణయించు వైద్యుని విద్యవంటిది, జీతము దొరకునది ఆ నిర్ణయశక్తికే.

కనెక్షన్ రిఫ్యూజ్డ్ అను సందేశము వెంటనే వచ్చినచో, అభ్యర్థన యంత్రము వరకు చేరినది గాని ఆ పోర్టువద్ద వినువాడెవ్వడును లేడని సాధారణముగ అర్థము. సర్వరు ఆగియుండవచ్చును, లేదా 127.0.0.1కి మాత్రమే కట్టుబడి యుండవచ్చును. జాంగో, ఫ్లాస్క్ సాధనముల డెవలప్‌మెంట్ సర్వర్లు స్వభావతః ఆ చిరునామాకే పరిమితములు, వానిని 0.0.0.0 అను చిరునామాపై నడిపిననే ఇతర యంత్రములకు అందును, జాంగోకన్ననో అనుమతింపబడిన హోస్టుల పట్టికలో ఆ ఐపీని చేర్చుటయు అవసరము. అట్లుగాక, బ్రౌజరు చాలసేపు తిరిగి తిరిగి టైమ్ అవుట్ అని చెప్పినచో, అభ్యర్థన త్రోవలోనే లుప్తమైనది. ఫైర్‌వాల్ మ్రింగినదో, చిరునామా తప్పో, రెండు యంత్రములు వేర్వేరు నెట్‌వర్కులలో నున్నవో పరికింపవలెను. పీజీ హాస్టళ్లలో నివసించువారు ఒక విషయము ప్రత్యేకముగ నెరుగవలెను: అనేకులు వాడు వైఫైలో ఒకరి పరికరము మరియొకరి పరికరముతో మాటలాడకుండ ఐసొలేషన్ పెట్టుట కలదు, అది భద్రత కొరకైన ఏర్పాటే గాని మీ సర్వరు దోషము కాదు. అట్టిచోట సొంతమైన చిన్న రూటరు నొకదానిని గదిలో నుంచుకొని అభ్యసించుట సులభోపాయము.

పుటము బదులుగ సంఖ్య వచ్చినచో సంతోషింపుడు, సర్వరు బదులు పలికినది. 404 అనిన అడిగిన ఫైలు లేదనియు, 403 అనిన చూచుటకు అనుమతి లేదనియు, 500 అనిన అప్లికేషనులోపలనే పొరపాటనియు తెలియవలెను. వీనినన్నిటిని మించిన సాక్షి లాగ్ ఫైలు. అపాచీ యాక్సెస్ లాగులోని ప్రతి పంక్తియు ఏ ఐపీనుండి, ఏ క్షణమున, ఏ పుటము కొరకు అభ్యర్థన వచ్చెనో, దానికి ఏ సంఖ్య బదులుగ పోయెనో చెప్పును. ఫోనులో పుటము తెరచిన మరుక్షణమున ఆ పంక్తి లాగులో కనబడనిచో అభ్యర్థన సర్వరును చేరనేలేదు. కనబడినచో దోషము సర్వరులోనో, అప్లికేషనులోనో ఉన్నది. ఈ యొక్క విచక్షణ నేర్చినవాడు సమస్యలో సగమును తీర్చినవాడే. ప్రతి దోషమును, దాని కారణమును, సరిదిద్దిన తెరగును ఒక నోటుపుస్తకమున తేదీతో వ్రాసికొనుడు.

ఏమి వడ్డింపవలెను?

అభ్యాసము కొరకు ఉత్తపుటము చాలదు. పదిమందికి పనికివచ్చునది కావలెను. గదిలోని మిత్రుల ఉమ్మడి ఖర్చులను పంచి చూపు పద్దుల అప్లికేషను, మెస్సులో రాత్రి భోజనమునకు ఎవరుందురో ముందుగ తెలిపెడి పట్టిక, స్వగ్రామములో తండ్రిగారి కిరాణాకొట్టు అప్పుల చిట్టా — ఇట్టివి వ్రాయుడు; వాడువారు చెప్పు లోపములే మీకు గురువులగును. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అను ఉచిత సాధనముతో దింపుకొని, ఇంటర్నెట్ లేని పాఠశాలలోని లోకల్ నెట్‌వర్కుపై పిల్లలకు చదువనిచ్చుటయు సాధ్యమే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరిబడిలో అట్టి సర్వరొకటి నిలుపుట విద్యయు సేవయు నగును.

జాగ్రత్తలు

రూటరు మీది కానప్పుడు యజమాని అనుమతి లేక సెట్టింగులను ముట్టరాదు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాపుపై ఈ ప్రయోగములు చేయరాదు. ఎక్సాంప్‌లో డేటాబేసు రూట్ ఖాతాకు మొదట పాస్‌వర్డు ఉండదు. ఇతరులకు తలుపు తెరచుటకు ముందు దానిని పెట్టవలెను. రూటరులో పోర్టు ఫార్వర్డింగ్ చేసి ఇంటి సర్వరును బయటి ఇంటర్నెట్‌నకు తెరచు సాహసమునకు భద్రతావిద్య నేర్చువరకు పూనుకొనకుడు. అప్‌డేట్లను, బ్యాకప్పులను ఉపేక్షింపకుడు.

ఉద్యోగ ద్వారములు

ఈ పునాదిపై నిర్మింపదగిన వృత్తులు పెక్కు కలవు: టెక్నికల్ సపోర్టు, లినక్స్ అడ్మినిస్ట్రేటర్, నెట్‌వర్కు ఇంజనీరు, క్లౌడ్ సపోర్టు, డెవాప్స్, సైట్ రిలయబిలిటీ. క్లౌడ్ వచ్చిన పిదప సర్వరు విద్యతో పనిలేదనుట భ్రమ. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ రీజియన్‌ను హైదరాబాదులో తెరచినను, అచ్చటి వర్చువల్ యంత్రమునకును ఐపీ, పోర్టు, ఫైర్‌వాల్, లాగ్ తప్పవు. కావున అపాచీ వశమైన వెనుక దాని ముందు ఇంజిన్‌ఎక్స్‌ను నిలిపి అభ్యర్థనలను మళ్లించుట, కోడును గిట్‌లో భద్రపరచుట, 2013లో వెలువడిన డాకర్‌తో అప్లికేషనును కంటెయినరులో నడుపుట వరుసగ నేర్చికొనుడు. ఆ పిమ్మటనే క్లౌడ్ జోలికి పొండు.

నేర్చుకొనుటకు మార్గములు సులభములు. ఐఐటీ బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు ఉచితములు, వానిలో కొన్ని తెలుగులోను కలవు. ఎన్‌పీటెల్‌లో కంప్యూటర్ నెట్‌వర్కుల పాఠములు లభించును. హైదరాబాదు కేంద్రముగ స్వేచ్ఛ సంస్థయు, బెంగుళూరున ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ కర్ణాటకయు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును విద్యార్థులలో వ్యాపింపజేయుటకు పాటుపడుచున్నవి. సర్టిఫికెట్టు కోరువారికి రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ మేలైనది. అందు జవాబులు గుర్తించుట కాక, యంత్రముపై పని చేసి చూపవలసియుండును.

బ్రౌజరులో చిరునామా టైపు చేసినది మొదలు పుటము కనబడువరకు ఏమి జరుగునన్నది ఇంటర్వ్యూలలో చిరపరిచితమైన ప్రశ్న. సొంత సర్వరు నిలిపినవాడు ఆ జవాబును కంఠస్థము చేయనక్కరలేదు, తన నోటుపుస్తకమును స్మరించిన చాలును. బయోడేటాలో సైతము పది సాధనముల పేర్లు పేర్చుటకంటె, పాత డెస్క్‌టాపుపై మిత్రులందరు వాడు పద్దుల అప్లికేషనును నడిపితిననియు, ఎదురైన దోషములు ఇవి, సరిదిద్దిన విధమిదియనియు రెండు వాక్యములలో వ్రాయుట విలువగలది. లేని అనుభవమును కాగితముపై కొని తెచ్చుకొనుడని బోధించువారు మన తెలుగు యువకుల చుట్టును కలరు. అట్టి కాగితము బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషనులో బయటపడిననాడు పోవునది ఒక ఉద్యోగము మాత్రమే కాదు, మీ మాటకు గల గౌరవము.

కావున మిత్రులారా, పిలుపు వచ్చువరకు వేచియుండు ఈ దినములను వృథాపుచ్చకుడు. నలుగురు కలసి ఒక పాత యంత్రమును కొనుడు. ఈ ఆదివారమే దానిపై ఉబుంటు ఎక్కించి, రాత్రికి మీ అందరి ఫోన్లలోను ఒక్క పుటము తెరచుకొనునట్లు చేయుడు. అనుభవము ఇచ్చువారి కొరకు ఎదురుచూడ నక్కరలేని విద్య ఇది. పూనుకొనినవానికి నేడే లభించును.