ఎదిగే పిల్లల్లో కీళ్ల నొప్పి: డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

"మా వాడికి పదమూడేళ్లు. రాత్రయితే మోకాళ్లు పీకుతున్నాయంటాడు" అని తల్లి చెబితే ఇంట్లో నానీమా ఇచ్చే జవాబు ఒకటే: "ఎదిగే వయసు, నొప్పులు మామూలే. కాస్త నూనె రాయి." చాలాసార్లు ఆ మాట నిజమే. కాని కొన్నిసార్లు ఆ ధీమా వల్లే వెంటనే చూపించాల్సిన జబ్బు ముదిరిపోతుంది. ఏది మామూలు నొప్పి, ఏది కాదు అన్నది ఈ వారం తెలుసుకుందాం.

యునానీలో కీళ్ల నొప్పులను 'వజఉల్ మఫాసిల్' అంటారు. వజ అంటే నొప్పి, మఫాసిల్ అంటే కీళ్లు. దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అనే నాలుగు ఖిల్తుల సమతూకం తప్పితే ఆ దోషం కీళ్లలో చేరి నొప్పి, వాపు కలిగిస్తుందని హకీములు చెబుతారు. అందుకే మంచి హకీం నొప్పి ఉన్నచోటు మాత్రమే చూసి ఊరుకోరు. నాడి చూస్తారు. నిద్ర, ఆకలి, జ్వరం గురించి అడుగుతారు. తల్లిదండ్రులు నేర్చుకోవలసిందీ అదే. మోకాలిని ఒక్కదాన్నే కాదు, పిల్లవాణ్ణి మొత్తంగా చూడాలి.

మామూలు నొప్పులు

ఎదుగుదల నొప్పులు ఎక్కువగా 3 నుంచి 12 ఏళ్ల మధ్య వస్తాయి. సాయంత్రం, రాత్రి రెండు కాళ్లలోనూ పిక్కలు, తొడలు లాగుతాయి. కీలు వాయదు. తెల్లవారేసరికి పిల్లలు మామూలుగా పరుగెడతారు. టీనేజి వచ్చాక కొత్తగా మొదలైన నొప్పిని మాత్రం ఈ లెక్కలో వేయకూడదు.

ఆటలాడే పిల్లలకు మోకాలిచిప్ప కింద ఎముక కాస్త ఉబ్బి, నొక్కితే నొప్పి పెట్టడం మరో సాధారణ సమస్య. పరుగు, గెంతడం వల్ల ఇది పెరుగుతుంది. ఆట తగ్గించి, చన్నీళ్ల కాపడం పెడితే నెమ్మదిస్తుంది. ఎదుగుదల పూర్తయ్యాక చాలామందిలో దానంతటదే పోతుంది.

తగ్గినా వదలకూడని నొప్పి

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది రుమాటిక్ జ్వరం విషయంలో. ఇది ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వస్తుంది. గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు జ్వరం, కీళ్ల నొప్పి మొదలవుతాయి. ఇవాళ మోకాలు, రెండు రోజులకు చీలమండ, ఆ తర్వాత మోచేయి, ఇలా నొప్పి చోటు మారుతుంది. కొన్ని వారాల్లో ఏ మందూ వాడకపోయినా తగ్గిపోతుంది. దాంతో రాసిన నూనెకో, కట్టిన ఆకుకో పేరు వస్తుంది. కాని ఈ జ్వరం కీళ్లను తాకి పోతుంది, గుండెను పట్టుకుంటుంది. గుండె కవాటాలు దెబ్బతిన్న సంగతి ఏళ్ల తర్వాత ఆయాసం వచ్చినప్పుడు బయటపడుతుంది. సకాలంలో గుర్తిస్తే మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో జబ్బు మళ్లీ రాకుండా కాపాడవచ్చు. ఈ ఇంజెక్షన్లు ఏళ్ల తరబడి వేయించాలి. నొప్పి లేదు కదా అని మధ్యలో మానకూడదు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

1. ఒక కీలు వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి జ్వరం కూడా ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కీలులో చీము పడితే కొద్ది రోజుల్లోనే కీలు పాడవుతుంది.

2. కుంటుతున్నా, కాలు కింద మోపలేకపోయినా వెంటనే చూపించాలి. కొందరిలో, ముఖ్యంగా బొద్దుగా ఉండే పిల్లల్లో, తుంటి ఎముక జారితే నొప్పి మోకాలిలో తెలుస్తుంది. అప్పుడు తుంటికీ ఎక్స్‌రే తీయించాలి.

3. ఫజ్ర్ వేళ లేవగానే కీళ్లు బిగుసుకుపోయి, అరగంట దాటినా వదలకపోతే, నమాజులో మోకాళ్లు మడిచి కూర్చోలేకపోతే, వాపు ఆరు వారాలైనా తగ్గకపోతే అది పిల్లల్లో వచ్చే కీళ్లవాతం కావచ్చు. ఇందులో కళ్లు ఎర్రబడకుండానే చూపు దెబ్బతినవచ్చు. కనుక కళ్లూ పరీక్ష చేయించాలి.

4. ఒకేచోట నొప్పి రాత్రిళ్లు నిద్ర లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, ముఖం పాలిపోయినా, దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు వస్తున్నా రక్త పరీక్ష, ఎక్స్‌రే అవసరం.

ఇంట్లో చేయదగినవి

డాక్టరు చూసి ప్రమాదం లేదన్నాక రోగనె బాబూనా (చామంతి జాతి పువ్వు నూనె) గోరువెచ్చగా చేసి మెల్లగా రాయవచ్చు. వాచి వేడెక్కిన కీలును మాత్రం మర్దన చేయరాదు, వేడి కాపడమూ పెట్టరాదు.

సూరంజాన్ కలిసిన మాజూన్, మాత్రలు పెద్దవాళ్లకు ఇచ్చినవి ఇంట్లో మిగిలాయని పిల్లలకు పెట్టవద్దు. సూరంజాన్‌లోని కాల్చిసిన్ మోతాదు మించితే ప్రాణాపాయం. కుష్తాలు కూడా అంతే. జ్వరంలో ఆస్పిరిన్ సొంతంగా ఇవ్వకూడదు. పాలు, గుడ్డు, రాగి సంగటి, రోజూ కాసేపు ఎండ ఎముకలకు బలం. ఎప్పుడూ నీడపట్టున ఉండే ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

బెంగళూరులోని జాతీయ యునానీ వైద్య సంస్థ, చెన్నైలోని ప్రభుత్వ యునానీ కళాశాల వంటి చోట్ల చదువుకున్న హకీములు ఉన్నారు. వారిని సంప్రదించవచ్చు. అయితే పైన చెప్పిన లక్షణాలలో ఏది కనిపించినా ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. నూనె ఆ తర్వాత కూడా రాయవచ్చు. పోయిన సమయం మాత్రం తిరిగిరాదు.