కొండ దగ్గర ఖర్చు పెట్టడం నేర్చుకోండి

ఎండాకాలం సెలవులు దగ్గరపడగానే భిలాయి సెక్టర్ 6 పిల్లలు కొందరు మా ఇంటికి వస్తారు. ఉక్కు ప్లాంటులో ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు దొరికితే హిమాలయాల దారి పట్టినవాణ్ణి కనుక ఏ బూట్లు కొనాలి, ఏ దారిలో మంచు తక్కువ, దుర్గ్‌లో ఏ బండి ఎక్కితే మేలు అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. ఆ కొండ కింద ఊళ్లో ఎవరుంటారు, మనం వెళ్లడం వల్ల వాళ్లకు ఏం ఒరుగుతుంది అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఆ వయసులో నేనూ అడగలేదు. అడిగి ఉంటే ఎన్నో పనులు వేరేలా చేసేవాణ్ణి. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

1. ఎక్కినవాడికి ముందు మోసినవాడు నడిచి ఉంటాడు.

1953లో ఎవరెస్ట్ ఎక్కిన బ్రిటిష్ జట్టు సామాను మోయడానికి మూడు వందల మందికి పైగా కూలీలు కావలసి వచ్చారు. మనకు గుర్తున్నవి రెండు పేర్లు. అందులో టెన్సింగ్ నార్గే కూడా బతుకుతెరువు వెతుక్కుంటూ డార్జిలింగ్ చేరి, 1935లో ఒక బ్రిటిష్ జట్టుకు బరువులు మోస్తూ ఈ పనిలోకి వచ్చినవాడే. 1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, శిక్షణ బాధ్యత ఆయనకు అప్పగించారు. ఆయన బంధువు నవాంగ్ గోంబు అక్కడే శిక్షకుడై, 1963లోనూ 1965లోనూ ఎవరెస్ట్ ఎక్కాడు. బరువులు మోసే ఇంటి పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగం దొరకడమనే మార్పు అక్కడ మొదలైంది. హిమాలయాల్లో పర్వతారోహణ వల్ల జరిగిన మంచి ఏమిటని నన్నడిగితే శిఖరాల జాబితా చెప్పను, దీన్నే చెబుతాను.

మన పూర్ణ కూడా అదే డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుతూ భువనగిరి కొండ మీద తాళ్లు పట్టుకోవడం నేర్చుకున్నారు. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ రోజు భిలాయిలో మా తెలుగు ఇళ్లన్నీ పండగ చేసుకున్నాయి. వాళ్ల వెంట నడిచిన షెర్పాల పేర్లు మాలో ఎవరికీ తెలియవు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

2. మూట కట్టుకుపోయిన బియ్యం ఆ ఊరికి రాని డబ్బు.

మా జట్టు బయలుదేరే ముందు సివిక్ సెంటర్‌లో సరుకులు కొనేవాళ్లం. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవకాయ జాడీ, చివరికి ఉల్లిపాయలు కూడా బస్తాల్లో కట్టి దుర్గ్ స్టేషన్‌లో బండికెక్కించేవాళ్లం. ఖర్చు మిగిల్చామన్న తృప్తి ఉండేది. రోడ్డు ఆగిపోయే ఊళ్లో ఒక చిన్న కిరాణా కొట్టు. ఆటా, బంగాళాదుంపలు, కిరోసిన్, ఆ కొండల్లోనే పండిన రాజ్మా, మండువా పిండి, అంటే మన చోళ్ల పిండే. కొట్టాయన మా బస్తాలు ఖచ్చర్ల (కంచరగాడిదల) మీదికి ఎక్కుతుంటే చూస్తూ నిలబడేవాడు. మేం ఆయన దగ్గర అగ్గిపెట్టెలు కొనేవాళ్లం.

పైన మూడు నాలుగు వేల మీటర్ల ఎత్తులో కందిపప్పు ఎంతకీ ఉడకదు. గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. కుక్కర్ లేకపోతే ఆ పప్పు రాళ్లే. ఊరివాళ్లు వండుకునే ఎర్ర మసూరు పప్పు చప్పున ఉడుకుతుంది. కొట్టాయన్ని అడిగి ఉంటే చెప్పేవాడు.

లెక్క తీస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. మనం పెట్టే ఖర్చులో రైలు టికెట్టు రైల్వేకి, బూట్లు, గుడారాలు కంపెనీలకి, ప్యాకేజీ డబ్బులో పెద్ద వాటా ఢిల్లీలోనో డెహ్రాడూన్‌లోనో ఉన్న ఆఫీసుకి పోతాయి. ఊళ్లో మిగిలేవి నాలుగే: మోసినవాడి కూలి, ఖచ్చర్ కిరాయి, పడుకున్న ఇంటి అద్దె, తిన్న తిండి ధర. అందులో ఒకటి మేం భిలాయి నుంచే మోసుకుపోయాం. మీరు వెళ్లేటప్పుడు మందులు, మీకు లేనిదే గడవని పచ్చడి పట్టుకెళ్లండి. మిగతావన్నీ చివరి ఊళ్లో కొనండి. కిలోకి పది ఇరవై రూపాయలు ఎక్కువైతే అవుతుంది. ఆ సరుకు కూడా కింది నుంచి ఎవరో మోసుకొచ్చిందే.

3. కూలి బేరం రోడ్డు చివర ఆడకూడదు.

తెల్లవారుజామునే పైఊళ్ల నుంచి దిగివచ్చి, పని దొరుకుతుందా లేదా అని రోడ్డు పక్కన కూర్చున్నవాడు కాదనలేడు. ఎంతంటే అంతకు ఒప్పుకుంటాడు. దాన్ని బేరం అనకూడదు. ఒకసారి మాకు సామాను మోసే మనుషుల్ని కుదిర్చిన ఠేకేదారు, ఇద్దరు మోయాల్సిన బరువు ఒకడికెత్తాడు. నుదుటి మీదుగా వేసుకునే పట్టీ ఆ మనిషి చర్మం మీద నొక్కుకుపోయి రెండు కనుబొమల పైనా గాడి పడింది. కాళ్లకు మేజోళ్లు లేవు, ప్లాస్టిక్ బూట్లు. మంచు మొదలయ్యే చోట ఆగి ఆ బూట్లలోకి ఎండుగడ్డి కుక్కుకున్నాడు. మా సామానులో అదనపు మేజోళ్లు ఉన్నాయి. ఇచ్చాం, కానీ బరువు తగ్గించమని ఠేకేదారును ఎవరం గట్టిగా అడగలేదు. దారి ఆలస్యమవుతుందని భయం.

ఆ మౌనం నన్ను ఎక్కువ బాధించడానికి కారణముంది. భిలాయిలో పెరిగినవాళ్లకు ఠేకా కూలీ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మన కొలిమికి ఖనిజం పంపిన దల్లీ రాజహరాలో ప్లాంటు ఉద్యోగికి ఒక జీతం, పక్కనే చేత్తో రాయి కొట్టేవాడికి వేరే కూలి. 1977లో శంకర్ గుహా నియోగీ వాళ్లను సంఘంగా నిలబెట్టాకే కూలి పెరిగింది. ఆ సంఘం డబ్బుతో, వాళ్ల శ్రమతో 1983లో షహీద్ ఆసుపత్రి లేచింది. చేతికి సరైన కూలి అందితే కూలీల బస్తీ ఏం కట్టుకోగలదో మన ఇంటికి వంద కిలోమీటర్లలోపే ఉంది. అది చూసి కూడా కొండ మీద నోరు మెదపలేదు.

బయలుదేరేముందే ఫోన్‌లో రేటు, బరువు, రోజులు మాట్లాడుకోండి. ఖాళీ చేతులతో వెనక్కి నడిచే రోజులకూ కూలి ఉండాలి. చివరి రోజు అందరి ఎదుటా ఎవరి డబ్బు వాళ్ల చేతిలో పెట్టండి. బక్షీస్ అందులో కలపొద్దు, అది వేరు.

4. ఒక్క దారిని నమ్ముకున్న ఊరు ఆ దారితోపాటే మూతపడుతుంది.

దీనికి ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని లాతా, రేణీ ఊళ్ల కథ తెలియాలి. ఆ లోయలో ఉండే భోటియాలు తరతరాలుగా కనుమలు దాటి టిబెట్‌తో ఉప్పు, ఉన్ని వ్యాపారం చేసేవారు. 1962 యుద్ధంతో సరిహద్దు మూసేశారు, వ్యాపారం పోయింది. 1974లో నందాదేవి శిఖరం చుట్టూ ఉన్న లోపలి లోయకు పర్వతారోహకులను అనుమతించడంతో జట్లు రావడం పెరిగింది. మోతపని, వంటపని, దారి చూపించే పని దొరికాయి. గొర్రెలు, మేకల వీపున కూడా సరుకు కట్టి పంపేవారు. అదే ఏడాది మార్చిలో గౌరాదేవి నాయకత్వంలో రేణీ ఆడవాళ్లు చెట్లను కావలించుకుని అడవిని నిలబెట్టారు. 1982లో ఆ ప్రాంతాన్ని జాతీయ పార్కు చేశారు, ఆ వెంటనే లోపలికి దారి పూర్తిగా మూసేశారు. కారణం అబద్ధం కాదు. జట్లు వదిలిన చెత్త, వంటచెరకు కోసం నరికిన చెట్లు, వేట, అన్నీ నిజాలే. అయితే చెత్త వేసింది బయటివాళ్లు, పని పోయింది ఊరివాళ్లకు. అడవిని కాపాడినవాళ్లకే అడవిలోకి దారి లేకుండా పోయింది. 1998లో లాతా ఊరివాళ్లు నిషేధాన్ని ధిక్కరించి ఉద్యమం చేశారు. 2003 నుంచి కొద్దిపాటి దూరం వరకు, కొద్దిమందినే వెళ్లనిస్తున్నారు.

నందాదేవి దారి మూసిన సుమారు ముప్పై అయిదేళ్లకు అదే జిల్లాలో ఇదే మళ్లీ జరిగింది. రూప్‌కుండ్ దారిలో ఆలీ, బేదినీ అనే పచ్చిక మైదానాలున్నాయి, వాటిని అక్కడ బుగ్యాల్ అంటారు. మంచు కరిగాక నడుములోతు పూలు పూస్తాయని కాదు, ఆ గడ్డి చాపలా నేలను పట్టుకుని ఉంటుంది, అది చూడాలి. గుడారాల మేకులు, ఖచ్చర్ల గిట్టలు, చుట్టూ తవ్విన నీటికాలవలు కలిసి ఆ చాపను చింపేశాయి. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్ మైదానాల్లో రాత్రి బస నిషేధించింది, రోజుకు రెండు వందల మందికి మించి రాకూడదంది. లోహాజంగ్, వాణ్ ఊళ్లలో గైడ్లకు, ఖచ్చర్లు నడిపేవాళ్లకు పెద్ద దెబ్బ. తీర్పును నేను తప్పుపట్టను. బేదినీలో మా గుడారాలు కూడా ఉన్నాయి, మా కాలవలు కూడా ఉన్నాయి. పెద్ద జట్టుతో వెళితే తలకు ఖర్చు తగ్గుతుందని నలభై మందిమి ఒకే చోట దిగాం. ఆ చౌకతనం ఖరీదు వాణ్ ఊరివాళ్లు కట్టారు.

ఇది కొండల సమస్య అని పక్కన పెట్టకండి. రాజహరాలో ఖనిజం తరిగిపోతుంటే ఆ ఊరి బజారు ఎలా పలచబడిందో మన కళ్లతో చూశాం. 1955లో ఉక్కు ప్లాంటుకు సోవియట్ ఒప్పందం కుదిరాక శ్రీకాకుళం, విజయనగరం నుంచి మట్టి మోయడానికి వచ్చిన మన పెద్దలు ఒక్క కొలిమిని నమ్ముకునే ఇక్కడ ఊరు కట్టారు. ఒకే ఆదాయం ఉన్న చోట బతకడం ఎంత హాయో, ఎంత ప్రమాదమో మనకన్నా ఎవరికి తెలుసు? అందుకని ట్రెక్కు మీద మాత్రమే బతికే ఊరికంటే పొలం, గొర్రెలు, రాజ్మా, ఉన్ని నేతతోపాటు ట్రెక్కు కూడా ఉన్న ఊరిని ఎంచుకోండి. వాళ్ల ఇళ్లలోనే దిగండి. తిరిగొచ్చేటప్పుడు ఉన్ని టోపీ కొంటే వాళ్ల దగ్గరే కొనండి, రిషికేశ్ బజారులో వద్దు.

5. ప్రాణం వెల మాట్లాడాల్సింది బయలుదేరే ముందే.

2014 ఏప్రిల్ 18న ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచు విరిగిపడి పదహారు మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. పూర్ణ ఎవరెస్ట్ ఎక్కడానికి అయిదు వారాల ముందు, కొండకు ఆ రెండోవైపున. ప్రభుత్వం ముందు ప్రకటించిన సాయం కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు. షెర్పాలు భగ్గుమన్నారు, ఆ సీజన్‌లో అటువైపు ఆరోహణ దాదాపు ఆగిపోయింది. తర్వాత తప్పనిసరి బీమాను 10 లక్షల నుంచి 15 లక్షల నేపాలీ రూపాయలకు పెంచారు. ఆ కొండ ఎక్కే విదేశీయుడి నుంచి నేపాల్ 11,000 డాలర్లు వసూలు చేసేది, 2025 సెప్టెంబరు నుంచి 15,000 చేసింది. రుసుము, బీమా అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, నేను వేరే చెప్పక్కర్లేదు.

మన వైపూ అంతే. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ దగ్గర ద్రౌపదీ కా డాండాలో మంచు విరిగిపడి శిక్షణకు వెళ్లినవాళ్లు, శిక్షకులు కలిపి ఇరవై మందికి పైగా పోయారు. అదే ఏడాది మేలో ఎవరెస్ట్, మకాలు ఎక్కివచ్చిన సవితా కన్స్‌వాల్ వాళ్లలో ఉంది. ఉత్తరకాశీ జిల్లా పల్లెటూరి అమ్మాయి. కొండ పని చేసే ఇంట్లో ఒకరు పోతే నెలజీతమే పోతుంది, వెనకాల పింఛను ఉండదు. ప్లాంటులో ప్రమాదం జరిగితే యూనియన్ ఉంది, కాగితం ఉంది, గేటు ముందు కూర్చునే మనుషులున్నారు. గైడుకు, కుక్కుకు, మోసేవాడికి బీమా ఉందా అని ఏజెన్సీని అడగండి. కాగితం చూపించమనండి. నసిగితే ఆ ఏజెన్సీతో వెళ్లకండి.

6. కిందికి తెచ్చిన చెత్తే మీరు ఎక్కినట్టు రుజువు.

నేపాల్ 2014లో ఎవరెస్ట్ ఎక్కే ఒక్కొక్కరు ఎనిమిది కిలోల చెత్త కిందికి తేవాలని నియమం పెట్టింది. జట్టు దగ్గర 4,000 డాలర్ల ధరావతు కూడా తీసుకునేది. మనం వెళ్లే చిన్న దారుల్లో అడిగేవాళ్లు లేరు. మన సంచి మనమే మోసుకు రావాలి.

7. కొండ పిల్లలు కూడా ఊరు వదులుతారు, వదలనివ్వండి.

ఖుమ్‌జుంగ్‌లో ఎడ్మండ్ హిల్లరీ 1961లో బడి కట్టించాడు. ఆ లోయల్లో చదువుకున్న షెర్పా పిల్లల్లో పైలట్లు, డాక్టర్లు వచ్చారు, న్యూయార్క్ చేరినవాళ్లూ ఉన్నారు. మంచి గైడ్లు తగ్గిపోతున్నారని బాధపడే పర్వతారోహకులను చూశాను. ఒకప్పుడు నేనూ అలాగే మాట్లాడాను. అలా మాట్లాడే హక్కు మనకు లేదు. మా నాన్న శ్రీకాకుళం వదిలాడు, మా అబ్బాయి భిలాయి వదిలాడు. గైడు కొడుకు గైడే కావాలని కోరుకోవడం మన సౌకర్యం కోసమే. ఉండిపోదామనుకున్నవాడికి ఉండడానికి తగ్గ ఆదాయం ఉండాలి, అంతవరకే మన బాధ్యత.

జంషెడ్‌పూర్‌ను చూడండి. అదీ మనలాంటి ఉక్కు ఊరే. ఎవరెస్ట్ ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ ఉత్తరకాశీ జిల్లా నాకురీ గ్రామం నుంచి వచ్చింది. 1984లో జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ సాహస సంస్థ ఆమె చేతుల్లో మొదలైంది. ఉక్కు ఊరి డబ్బు కొండ ఊరి మనిషికి గౌరవమైన ఉద్యోగంగా చేరింది. భిలాయిలో అంత పెద్ద పని నా తరం చేయలేకపోయింది. మీరు చేయగలిగింది చిన్నదే. లోహాజంగ్, వాణ్, లాతా వైపు నేరుగా మాట్లాడుకోదగ్గ గైడ్లు, ఇంట్లో బస ఇచ్చేవాళ్లు నాకు తెలుసు. వాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్ల నంబర్లు రాసి ఉంచాను. ఈ మేలో వెళ్లే జట్టు ఏజెన్సీకి డబ్బు కట్టకముందే ఒక సాయంత్రం వచ్చి తీసుకోండి.