వంకర కోతే సాక్ష్యం

మన ట్రస్టు పత్రాల్లో, తనఖా పత్రాల్లో ఇప్పటికీ కనిపించే ‘ఇండెంచర్’ అనే మాట పుట్టింది కత్తి అంచున. లాటిన్‌లో ‘డెన్స్’ అంటే పన్ను; పళ్ళలా కోసిన అంచు వల్లే ఆ పేరు. మధ్యయుగపు ఇంగ్లండులో ఈ పళ్ళ పత్రాన్ని ఇలా తయారుచేసేవారు.

ముందు గొర్రెతోలు. సున్నపు నీళ్ళలో నానబెట్టి, బొచ్చు ఊడదీసి, చట్రానికి బిగించి, వంపు కత్తితో గీకి ఆరబెట్టాలి. దస్తావేజులకు గొర్రెతోలే మేలు. దాని పొరలు ఇట్టే విడిపోతాయి. రాసింది గీకి మార్చబోతే ఆ చోటు పట్టిస్తుంది. సిరాకు మాచికాయలు, అన్నభేది, బంక కావాలి. రాసేటప్పుడు పలచగా ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడి తోలును పట్టేస్తుంది.

గుమాస్తా ఒకే తోలు మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాస్తాడు. రెండు ప్రతుల నడుమ వదిలిన జాగాలో పెద్ద అక్షరాలతో ఒక మాట, తరచుగా ‘కైరోగ్రాఫమ్’ (చేతిరాత) అని. ఇక కోత. కత్తిని ఆ అక్షరాల మీదుగానే, అలలుగానో రంపపు పళ్ళలాగానో నడపాలి. అక్షరాలు సగం ఇటు, సగం అటు పోతాయి. రేపు తగాదా వస్తే ముక్కలు రెండూ కలిపి చూస్తే సరి: పళ్ళు కూడాలి, తెగిన అక్షరాలు అతకాలి. దొంగ పత్రం పుట్టించినవాడు ఆ కోతను మాత్రం పుట్టించలేడు. చదువురాని రైతు కూడా కంటితో తేల్చుకోగల రుజువిది. ఇంత న్యాయమైన పనితనం దస్తావేజుల చరిత్రలో అరుదని నా నమ్మకం.

చివర మైనం ముద్ర. ఎదుటివారి ముద్ర ఉన్న ప్రతే మన దగ్గర ఉంటుంది.

రాజు కోర్టులో కుదిరిన భూమి రాజీలకు 1195 నుంచి మూడో ప్రతి కూడా రాశారు. పైన రెండు పక్కపక్కన, అడుగున అడ్డంగా ఒకటి. ఆ అడుగు ముక్క, అంటే ‘ఫుట్’, ఖజానాకు చేరేది. ఆ ముక్కల కట్టలు ఇప్పటికీ లండన్‌లో, క్యూలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒక్కరే రాసిచ్చే పత్రానికి జత అక్కర్లేదు కనుక అంచు తిన్నగా కోసేవారు. అది ‘డీడ్ పోల్’.

కోత లేకున్నా ఇండెంచర్ చెల్లుతుందని 1845లో బ్రిటిష్ చట్టం తేల్చింది. కోత పోయినా పేరు మిగిలింది: 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్ళిన కూలీలకు, వారిలోని తెలుగువారికీ, ‘ఇండెంచర్డ్’ అనే ముద్ర పడింది. యజమానికీ కూలీకీ చెరి సగం దక్కిన తోలు కాదది. రెండు పక్షాలకూ సమానంగా కాపలా కాసిన పేరును అలాంటి ఒప్పందానికి తగిలించడం నాకు మింగుడుపడదు.