చిన్న జంతువులకు మత్తును శస్త్రచికిత్సయు

శస్త్రచికిత్స యనగానే మనము కత్తికి భయపడుదుము. కాని యింటిలో పెంచుకొను తెల్లయెలుక, గినీపంది మొదలగువాని విషయమున కత్తికంటె చలియు నాకలియు నెక్కువ అపాయకరములు. ఇందులకు కారణమును విద్యార్థులు గణితముచేతనే గ్రహింపవచ్చును.

అంగుళము భుజముగల ఘనమునకు ఘనపరిమాణము 1, ఉపరితలము 6. భుజము 10 అంగుళములైనచో ఘనపరిమాణము 1000 కాగా ఉపరితలము 600 మాత్రమే. అనగా దేహము చిన్నదైనకొలది లోపలి వేడిమి బయటికి పోవు మార్గము హెచ్చు. మేలుకొనియున్న యెలుక ముడుచుకొని, వణకి, గూటిలో దూరి వేడిమిని కాపాడుకొనును. మత్తులోనున్న యెలుక యీ పనులు చేయజాలదు. పైగా దాని బొచ్చు గొరిగి చర్మమును స్పిరిటుతో తడుపుదురు. ఆ తడి యారుటలో మరికొంత వేడిమి పోవును. అందుచేత నేర్పరియగు వైద్యుడు కావలసినంత మేరకే బొచ్చు తీసి, కొద్దిగా తడిపి, గోరువెచ్చని పరుపుమీద దానిని పరుండబెట్టును. ఆ వెచ్చదనమును మితిమీరరాదు. కాలుచున్నదని మత్తులోని జంతువు చెప్పలేదు గదా! నెత్తురు సంగతియు నిట్టిదే. 300 గ్రాముల యెలుక దేహమున సుమారు 20 మిల్లీలీటర్ల నెత్తురుండును. మనకు లెక్కకు రాని 2 మిల్లీలీటర్లు దానికి పదియవ పాలు.

నేడు ఐసోఫ్లూరేను ఆవిరిని ప్రాణవాయువుతో కలిపి ముసుగు ద్వారా పీల్పింతురు. అది త్వరగా పట్టి త్వరగా విడుచును. మన హైదరాబాదున 1888, 1889 సంవత్సరములలో జరిగిన క్లోరోఫారము పరిశోధనలలో, మత్తునందు శ్వాసను విడువక కనిపెట్టవలెనని నొక్కి చెప్పిరి. చిన్న జంతువుల విషయమున నేటికిని అది ముఖ్యమైన కాపు.

మనుష్యునకు ముందుగా భోజనము మాన్పింతురు; మత్తులో వాంతియై ఊపిరితిత్తులలోనికి పోవునని భయము. ఎలుకలును గినీపందులును వాంతి చేసికొనజాలవు. కావున రాత్రియంతయు పస్తుంచుట మేలు కాదు, కీడు. గినీపంది ప్రేగులు ఎడతెగక కదలుచుండవలెను. నోటిలో నమలిన గడ్డి నిలిచియుండును గనుక కొంచెముసేపు మాత్రము మేత తీసివేసి నోరు శుభ్రపరతురు. పాశ్చాత్యదేశములలో పెంచు ఫెర్రెట్టు ముంగిసను పోలిన మాంసాహారి, ఎలుకజాతిది కాదు. అది వాంతి చేసికొనును. అయినను దాని ప్రేగులలో ఆహారము త్వరగా సాగును గనుక మూడు నాలుగు గంటల ఉపవాసమే చాలును. హెచ్చినచో నెత్తుటిలోని చక్కెర తగ్గును.

ఇంటికి తెచ్చిన తరువాతి పని పిల్లలది. వేటకు గురియగు జంతువు బాధను దాచును. గినీపంది మూల చేరి, బొచ్చు నిక్కబొడుచుకొని, మేత ముట్టకున్నచో అదియే దాని మొర. వైద్యుడిచ్చిన నొప్పిమందును వేళకు ఈయవలెను; ఇంటిలోని మన మాత్రను ముక్కచేసి యెన్నడును ఈయరాదు. రంపపుపొట్టు గాయమున కంటుకొనును. తెల్లని గుడ్డ పరచినచో నెత్తురు కారినను వెంటనే కనబడును. తినని గినీపందికి గడ్డిపిండిని నీట కలిపి, సూదిలేని పిచికారితో నోటి ప్రక్కనుండి కొద్దికొద్దిగా పోయవలెను. పెంటికలను లెక్కించుచుండవలెను. 12 గంటలు మేతయు పెంటికలును లేకున్నచో, ఆదివారమైనను వైద్యుని తలుపు తట్టవలసినదే.