కర్రలు పాతి ఉంచుతాను

బత్తలపల్లె,
ఏప్రిల్ నెల.

చిరంజీవి నాయనకు పెదనాయన ఆశీస్సులు.

సెలవులకు బెంగళూరు నుంచి స్నేహితులతో వస్తానని, చెరువులో ఈత కొట్టి పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరు కూడా చూస్తామని మీ నాయనతో అన్నావంట. రండి. మీ పెద్దమ్మ అప్పుడే ఓళిగలకు బెల్లం తెప్పించింది.

నా చిన్నప్పుడు ఈ చెరువులో ఎక్కడ మోకాలి లోతో, ఎక్కడ నడుము లోతో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేను. అప్పట్లో చెరువు ఎండితే ఒండుమట్టి పైపైన తీసి ఎద్దుల బండ్లలో చేన్లకు తోలుకునేవాళ్లం. ఇప్పుడు జేసీబీలు ఒక్కోచోట మనిషి మునిగేంత గుంత తీసి పోతున్నాయి. నీళ్లొచ్చాక పైనంతా ఒకటే తీరుగా ఉంటుంది. మోకాలి లోతులో నడుస్తున్నవాడు ఇంకో అడుగు వేస్తే తల మునుగుతుంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట పిల్లలకు ఈత ఎట్లా వస్తుంది? మా కాలంలో దిగుడుబావులుండేవి. వీపుకు బెండు కట్టి మా తాత దింపేవాడు. బోర్లొచ్చినాక ఆ బావులెండినాయి. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నీళ్లు మన వైపు పారుతున్నాయి. నీళ్లొచ్చాయి గానీ పోయిన ఈత తిరిగి రాలేదు.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. పద్దెనిమిదేళ్లప్పుడు నా సావాసగాడు నా కళ్లముందే మునిగిపోయినాడు. వాడు అరవలేదు. చేతులు ఒకటి రెండుసార్లు పైకి లేచాయి, ఆడుతున్నాడనుకున్నాం. మునిగేవాడికి ఊపిరి తీసుకునేందుకే సందుండదు, ఇంక అరుపెక్కడిది? నేను గట్టు మీద నిలబడి కేకలు పెట్టాను. నా నడుముకు నాలుగు గజాల పంచె ఉంది. విప్పి విసరాలని తోచలేదు.

ఊళ్లో వాళ్లు చెరువు బలి తీసుకుందన్నారు. చెరువు కట్ట నిలవడానికి బలైన బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ విని పెరిగినవాళ్లం కదా, మనకు ఆ మాట నోట్లోనే ఉంటుంది. నాకా మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చెరువు ఎవరినీ అడగలేదు. పంచె విసరనిది నేను.

2020 ఆగస్టులో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర నలుగురు కుర్రాళ్లు మునిగిపోతుంటే, ముగ్గురు ఆడవాళ్లు కట్టుకున్న చీరలు విప్పి విసిరారు. ఇద్దరిని లాగగలిగారు, ఇద్దరు దక్కలేదు. ఆ వార్త చదివి ఆ రాత్రంతా నేను నిద్రపోలేదు. అందుకే చెప్తున్నాను, ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకొద్దు. మునిగేవాడు దొరికినదాన్ని పట్టుకుని కిందికి లాగుతాడు. చీరో, తాడో, కట్టెకొమ్మో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరండి. గట్టు మీద బోర్లా పడుకుని లాగండి.

బయటకు తీసినవాణ్ణి తలకిందులుగా వేలాడదీయొద్దు, కడుపు నొక్కొద్దు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోట్లో ఊపిరి ఊదండి. ఛాతీ నడుమ గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదండి, అట్లే కొనసాగించండి. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. తేరుకుని కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకుపోవాలి. మన ఊళ్లోనే ఆర్డీటీ ఆసుపత్రి ఉంది.

నీళ్లు వదిలినప్పుడు తూము దరిదాపులకు పోవద్దు, లోపలికి లాగేస్తుంది. చేన్లలో ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటికుంటలు చూడ్డానికి చిన్నవే గానీ, తడిసిన పట్టా మీద కాలు ఆనదు. ఈతగాడు కూడా ఎక్కిరాలేడు. రిజర్వాయరులో పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ బిగించుకోండి. మందు తాగినవాణ్ణి నీళ్లలోకి దింపొద్దు, వాడు నీకెంత స్నేహితుడైనా.

వచ్చేదానికి రెండు రోజుల ముందు ఫోన్ చెయ్యి. ఇద్దరు ఈతగాళ్లను వెంటబెట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని, గడకర్రతో అడుగు చూసి, లోతు మొదలయ్యే చోట వెదురు కర్రలు పాతిస్తాను. దూరానికి కనపడాలని మీ పెద్దమ్మ తన పాత ఎర్రచీర చింపి వాటికి కడతానంటోంది. ఆ కర్రల ఇవతలే ఈత కొట్టండి. నేను గట్టు మీద ఉంటాను, తాడు పట్టుకుని.

మీ పెదనాయన