విబంధము - మలబద్ధకము : శబ్దార్థవిచారము, చికిత్సాసమన్వయము

'వి' అను ఉపసర్గతో కూడిన బంధధాతువునుండి యేర్పడిన విబంధశబ్దమునకు అడ్డగింపు, నిరోధము అని సామాన్యార్థము. ఆయుర్వేదగ్రంథములను తెలుగుచేయువారు దీనికి 'మలబద్ధకము' అని వ్రాయుట పరిపాటి. నేటి వైద్యశాస్త్రమునందలి 'కాన్‌స్టిపేషన్' అను మాటకును అదియే పర్యాయముగా వాడుకలో నున్నది. ఒకే తెలుగుమాట రెండు శాస్త్రములకు నడుమ నిలుచుటచే రెండును ఒకే వస్తువును చెప్పుచున్నవను భ్రాంతి కలుగుచున్నది. ఈ భ్రాంతి నిఘంటువుతో ఆగక ఔషధనిర్ణయమునందును ప్రవేశించుచున్నది గనుక విచారణీయము.

బృహత్త్రయియందు జ్వరాతిసారములకువలె విబంధమునకు ప్రత్యేకచికిత్సాధ్యాయము లేదు. అది పెక్కురోగములలో లక్షణముగా పఠింపబడినది. మలమునకే కాక వాతమూత్రములకును విబంధము చెప్పబడినది. పురీషము క్రమముగా సంచితమై, వికృతవాయువుచే బద్ధమై వెలువడని స్థితిని సుశ్రుతుడు ఉత్తరతంత్రమున ఆనాహమనెను. వేగనిరోధాదులచే వాయువు ఊర్ధ్వముగా మరలుట ఉదావర్తము. మాధవనిదానము ఈ రెంటిని ఒకే ప్రకరణమున చేర్చినను లక్షణములను వేర్వేఱుగా చెప్పినది. ఈ మూడింటికిని 'మలబద్ధకము' అనియే వ్రాసినచో మూలమునందలి భేదము లుప్తమగును.

ఆధునికులును ఒక్క లక్షణముతో తృప్తిపడలేదు. 2016లో ప్రకటితమైన నాల్గవ రోమ్ ప్రమాణములు ఆరు లక్షణములను పేర్కొన్నవి : ముక్కవలసివచ్చుట, మలము గట్టిపడుట, పూర్తిగా వెడలలేదను భావము, అడ్డున్నట్లు తోచుట, చేతితో సాయము చేసికొనవలసివచ్చుట, వారమునకు మూడుమార్లకంటె తక్కువగా వెడలుట. వీనిలో కనీసము రెండుండవలెను. కావున నిత్యము మలప్రవృత్తి లేకపోవుట మాత్రమే రోగము కాదు. చరకుడు సూత్రస్థానము పదుమూడవ అధ్యాయమున కోష్ఠభేదమును చెప్పుచు, మృదుకోష్ఠునకు బెల్లము, చెఱకురసము, పాలు, ద్రాక్షరసము, వేడినీరు మాత్రముననే విరేచనమగుననియు, క్రూరకోష్ఠునకు అట్లు కాదనియు చెప్పెను. మనుష్యభేదమును గణింపక ఔషధమిచ్చుట ఉభయశాస్త్రములకును సమ్మతము కాదు.

ఔషధవర్గీకరణమున సాదృశ్యము మఱింత మోసగించును. శార్ఙ్గధరుడు పూర్వఖండమున నాలుగు కర్మలను వివరించెను. మలమును పక్వము చేసి, బంధమును భేదించి, క్రిందికి నడపునది అనులోమనము. దీనికి కరక్కాయ ఉదాహరణము. పక్వము కావలసినదానిని పాకము లేకయే జార్చునది స్రంసనము, దీనికి రేల. గడ్డకట్టినదానిని భేదించి పడద్రోయునది భేదనము, దీనికి కటుకరోహిణి. పక్వాపక్వములను ద్రవరూపము చేసి వెడలించునది రేచనము, దీనికి తెల్లతెగడ. నేటివారు మలపరిమాణమును పెంచు ఇసబ్గోలు, నీటిని ప్రేగులోనికి లాగు లాక్ట్యులోజ్, ప్రేగుచలనమును ప్రేరేపించు సునాముఖి, బిసకొడిల్ అని విభజించిరి. శార్ఙ్గధరుని విభాగమునకు మలము యొక్క పాకస్థితి ఆధారము. నేటి విభాగమునకు ఔషధము పనిచేయు విధానము ఆధారము. రేలగుజ్జునందు సునాముఖియందువలె ఆంథ్రాక్వినోను ద్రవ్యములుండుటచే రసాయనదృష్టిచే అది ప్రేరకవర్గమున చేరును; ప్రాచీనదృష్టిచే మృదువిరేచనములలో శ్రేష్ఠము. కావున ఒక పట్టికకు వేఱొక పట్టికను ఎదురుగా వ్రాసి సమన్వయించుట సాధ్యము కాదు.

'విరేచన'శబ్దము వేఱొక చిక్కు తెచ్చినది. వాడుకభాషలో విరేచనమనగా మలప్రవృత్తి, లేక దాని ఆధిక్యము. శాస్త్రమున అది స్నేహస్వేదపూర్వకముగా చేయబడు శోధనము, ప్రధానముగా పిత్తహరము. పక్వాశయగతమైన వాతమునకు బస్తియే ముఖ్యోపక్రమము. విరేచనమునకు అనర్హులను చరకుడు సిద్ధిస్థానమున లెక్కించెను. ఈ భేదమెఱుగనివాడు విరేచనద్రవ్యమును నిత్యసేవ్యముగా భావించుట శాస్త్రవిరుద్ధము.

రెండు శాస్త్రములు నిజముగా కలిసికొను స్థలము వేగవిచారము. పురీషవేగధారణముచే పక్వాశయశూల, శిరశ్శూల, వాతవర్చోనిరోధము, పిక్కలనొప్పి, ఆధ్మానము కలుగునని చరకుడు; స్వేదము, అభ్యంగము, అవగాహము, వర్తి, బస్తి చికిత్సలు. వాగ్భటుడు మఱియొక అడుగు వేసి, వేగమును బలాత్కారముగా ప్రేరేపింపరాదని దినచర్యాధ్యాయమున నిషేధించెను. పిల్లలు మలమును ఆపుకొనుటచే పురీషనాళము వ్యాకోచించి వేగస్పృహ మందగించునని నేటి వైద్యులు చెప్పుదురు. సడలవలసిన కండరము ముక్కునపుడు బిగిసికొనుటచే కలుగు నిరోధమునకు ఔషధముకంటె కండరాభ్యాసమే మేలని వారి నిర్ణయము. ధారణము, ఉదీరణము రెండును దోషములేయను వాగ్భటుని మాటకు ఇది చక్కని వ్యాఖ్యానము.

కావున అనువాదకులు విబంధ, ఆనాహ, ఉదావర్తశబ్దములను తత్సమములుగనే నిలిపి, సందర్భమునుబట్టి వివరణము జోడించుట యుక్తము. మలముతో రక్తము పడుట, అకారణముగా బరువు తగ్గుట, పెద్దవయసున అలవాటు హఠాత్తుగా మాఱుట కనబడినపుడు పరీక్ష ముఖ్యము. కడుపుబ్బి వాంతులగుచు వాయువైనను వెడలనపుడు రేచకము ప్రాణాపాయము కూడ తేవచ్చును. ఆ వేళ గ్రంథమునందలి ఒక్క పదమును తప్పుగా చదివినవాడు రోగికి తప్పుమందు నిచ్చును. శబ్దశాస్త్రము వైద్యమునకు చేయగల సేవ ఇచ్చటనే ఆరంభమగును.