మొరం తొవ్వ ఎక్కే ముందు



కొత్త సైకిలు సామాను డబ్బాలు దిగినయని, వరండా నిండ పరుచుకున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. జనగామల ఎవరన్న మెకానిక్కుతోని బిగిద్దామా అని చూస్తున్నవట. వద్దు. నువ్వే బిగించు. తప్పైతే విప్పి మళ్ల బిగించు. గూడూరు అవతల అడవి తొవ్వల చైను తెగిననాడు నీ పక్కన మెకానిక్కు ఉండడు.

ఎడమ పెడలు మర ఉల్టా ఉంటది, బలవంతం చేస్తే మర పోతది. మర మీద కొంచెం గ్రీజు రాయి. హ్యాండిలు దగ్గర ఇంకా పైలం. పైన టోపీ లెక్క ఉన్న బోల్టు ఊగులాట తీసేతందుకే, హ్యాండిలును పట్టి ఆపేవి పక్క బోల్టులు. అవి వదులుగ ఉంచి పైది కొద్దికొద్దిగ తిప్పు. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకు వెనుకకు ఊపు. చేతికి టక్‌మని తగిలితే ఇంక వదులున్నట్టు. ఆ టక్ పోయినంక పక్క బోల్టులు బిగించు. గ్రీజు చేత్తోని మాత్రం డిస్కు ముట్టకు, బ్రేకు పట్టది.

గ్రీజంటే యాదికొచ్చింది. 1976ల కాలిఫోర్నియాల కొందరు పోరగాళ్లు పాత సైకిళ్ల మీద గుట్ట దిగే పందెం పెట్టుకున్నరు. దిగేసరికి వెనుక హబ్బుల గ్రీజు కాలిపోయేదట, మళ్ల నింపుకునేది. అందుకే ఆ పందానికి రీప్యాక్ అని పేరు. మరుసటేడు జో బ్రీజ్ అనే ఆయన గుట్టల కోసమే ఫ్రేము కట్టిండు. మా చిన్నప్పుడు పాలకుర్తి దిక్కు గౌడ్లు కల్లు కుండలు కట్టుకొని గేర్లు లేని సైకిళ్లతోనే గుంతల తొవ్వల పోతుండిరి. చుక్క తొణకకపోయేది. ఆ సైకిళ్లకు ఎవరూ కొత్త పేరు పెట్టలె.

ఫ్రేము తేలికని మురవకు, పైసలు టైర్ల మీద, బ్రేకుల మీద పెట్టు. గాలి రాయి లెక్క కొట్టకు. నీ బరువుకు, ఆ 2.25 అంగుళాల టైర్లకు ట్యూబుంటే వెనుక 30 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టు, ముందు రెండు మూడు తక్కువ. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు మన తొవ్వల నిండా ఉంటయి. ట్యూబులెస్‌ల సీలెంటు పోసుకుంటే చిన్న ముల్లు బొక్క దానంతటదే మూసుకుంటది.

గట్టి నేల మీద మొరం పలుకులంటే గచ్చు మీద శనగలు పోసినట్టే. భీమునిపాదం పోయేటప్పుడు మలుపుల ముందు చక్రం బ్రేకు పట్టి నేను పడ్డ మచ్చ మోచేతి మీద ఇప్పటికీ ఉంది. వేగం మలుపు రాకముందే తగ్గించు. మలుపుల బ్రేకు వదిలి, చక్రం కింద కాదు, తొవ్వ ఎటు పోతదో అటు చూడు.

భూపాలపల్లి దిక్కు బొగ్గు లారీల రోడ్డు వదిలెయ్. గణపురం చెరువు చూసుకొని కోటగుళ్లకు పో. వాన పడ్డంక రేగడిల దిగితే మట్టి చక్రానికి కరుసుకుంటది. తొక్కితే వెనుక గేరు మెడ విరుగుతది, దిగి భుజాన ఎత్తుకో.

మొదటిసారి బమ్మెర దాకనే పోయి రా. ఇంటికొచ్చి బోల్టులు, స్పోకులు అన్నీ మళ్ల చూడు, కొత్తవి సర్దుకుంటయి.

మిరప కాలంల మానుకోటకు రా. తొవ్వ పక్కన కాయ ఆరబోస్తరు, టైరు ఎక్కించకు. అండ్ల మీ అత్తది కూడా ఉంటది.

మీ మామ